పరివట్టం లేని తల

వీడియో తీస్తానని మా ఇంటికి వచ్చినామె కుప్పం అమ్మాయి. చిత్రకళ చదువుకుని మదనపల్లెలో ఉంటోంది. దేవుడి ముందు ఎలా నిలబడతామో అలా, విగ్రహం గానీ దీపం గానీ లేకుండా, తెల్లగోడ ముందు ఒంటరిగా నిలబడాలి. ఆమె అడిగింది అంతే. పుంగనూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళందరూ పాత దివాణం గురించే అడుగుతారు. ఈ అమ్మాయి మాత్రం, "ఇల్లొద్దు సార్, మీ పెద్దోళ్ళ కథలొద్దు. మీరొక్కరే చాలు" అంది. ఆ మాట నాతో అంతకు ముందు ఎవరూ అనలేదు. అందుకే ఒప్పుకున్నాను.

మదనపల్లెలో ఆమె అద్దె గదిలో కళ్ళు మూసుకుని నిలబడ్డాను. బాగానే ప్రార్థించాననుకున్నాను.

అలా తీసిన వీడియోల ప్రదర్శన ఆ ఊళ్ళోనే ఒక కల్యాణమండపం భోజనాల హాల్లో పెట్టింది. వరసగా టీవీలు, ఒక్కో టీవీలో ఒక్కో మనిషి. పూలమ్మే ఆవిడ ఊగుతోంది. రిటైరైన కండక్టర్ పెదవులు కదులుతున్నాయి. నా టీవీ ముందు ఇద్దరు ఆడవాళ్ళు ఉంటే వెనకే ఆగాను.

"ఈయప్ప యాల మెడ వంచుకోని ఉండాడు? నిద్దరొస్తాందా?"

"నిద్దర గాదు మే. పుంగనూరు పెద్దింటాయన. పరివట్టానికి తల ఇస్తాండాడు సూడు. ఈడ యాడుండాడు పూజారి, కట్టేదానికి!"

ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆమె చెప్పింది నిజం. తిరునాళ్ళ నాడు స్వామి మీది పట్టువస్త్రాన్ని పూజారి మా ఇంటి పెద్ద తలకు చుట్టేవాడు. పరివట్టమంటే అదే, గుడిలో మొదటి మర్యాద. పూజారి చేతులకు అందేంత వరకే తల వంచాలి, అంతకు మించి వంచకూడదని మా నాయన నేర్పాడు. ఆ మర్యాద ఇప్పుడు గుడి కమిటీ వాళ్ళకు పోయింది. నా మెడకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఒక్కడినే రమ్మంటే వంశమంతా వచ్చి నాలో నిలబడింది.

"నాది తీసెయ్యమ్మా" అన్నాను ఆ అమ్మాయితో.

"తీసేస్తా సార్. కానీ కడదాకా సూసినారా?"

చూడలేదు. కుర్చీ వేసింది. కూర్చోకుండా నిలబడే చూశాను. ఎంతో సేపటికి తెర మీది తల తనంతట తానే లేచింది. కళ్ళు తెరుచుకుని కుడి పక్కకు, ఎడమ పక్కకు చూశాయి. తర్వాత ఎదురుగా చూస్తూ ఉండిపోయాయి. అలాంటి ముఖం నాకుందని నాకు తెలియదు. ఏదో అడుగుతున్న ముఖం. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగరు.

"ముందరిది కోసేసి ఇది మాత్రం పెట్టేదా సార్?"

"వద్దు. ఉన్నదున్నట్టు ఉంచు."

తర్వాత ఆ టీవీలు కుప్పం వెళ్ళాయి. నేనూ బస్సెక్కి వెళ్ళాను. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు. గ్రానైట్ పని నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటి నిండా రాతిపొడితో ఒకాయన నా టీవీ ముందు నిలబడ్డాడు. తల లేచే దాకా కదల్లేదు.

"ఎవురి కోసరమప్పా ఈయన సూస్తాండేది?" అన్నాడు, నా వైపు తిరక్కుండానే.

"తెలీదప్పా" అన్నాను.

"ఎవురూ వచ్చినట్టు లేదే" అని, కాసేపు చూసి, ఆయన పక్క టీవీ దగ్గరికి జరిగాడు.