కాలర్ ఉతికి చూసిన మాస్టర్

మాస్టర్ పోయారన్న కబురు ఇక్కడ మస్కట్‌లో సెలవు రోజైన శుక్రవారం, ఆరాధన అయ్యాక, చర్చి మెట్లు దిగుతుండగా తెలిసింది. కడప నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. "పొద్దన్నే నమాజు చేసుకోని కొంచేపు పండుకుంటా అన్న్యాడు మా. మళ్లా లేయలేదు," అంది. నేను "వదినా" అన్నాను. చుట్టూ జనం వ్యాన్ల కోసం ఒకరినొకరు పిలుచుకుంటున్నారు.

నేను రాసే మనిషిని కాదు. పదో తరగతి వరకు చదివాను. ఆ తరవాత పెన్ను పట్టింది బైబిలు వాక్యాలు నోటుపుస్తకంలో ఎక్కించుకోవడానికే. ఇప్పుడు రాయడానికి కారణం ఒకటే. మాస్టర్‌కు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర రెండేళ్ళుగా ఉండిపోయింది. ఆయన్ని మేనేజర్‌కు పట్టించింది నేనే. ఫోన్ చేసిన ప్రతిసారీ చెబుదామనుకునేదాన్ని. ఆయన షుగర్ గురించీ, కడప ఎండల గురించీ మాట్లాడి పెట్టేసేదాన్ని. నోటితో చెప్పలేనిది చేత్తోనైనా చెప్పాలి కదా.

మస్కట్‌లో వాడీ కబీర్ అనే పేటలో, కార్ల మెకానిక్ షాపుల వెనక వీధిలో మా కుట్టు వర్క్‌షాప్ ఉంది. డ్రైవర్ల యూనిఫాంలు, సైట్‌లో పనిచేసేవాళ్ళ చొక్కాలు, లారీల మీద కప్పే టార్పాలిన్లు కుడతాం. అంతకు ముందు నేను ఒమన్‌లోనే సూర్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో పనిచేశాను. ఏజెంట్ భీమవరంలో చెప్పిన పని ఒకటి, అక్కడ చేయించిన పని ఒకటి. అప్పటి నుంచి ఎవరైనా మంచిగా మాట్లాడితే ఎందుకు మాట్లాడుతున్నారా అని చూడటం అలవాటైంది. నాది చిన్న గొంతు. నేను చూస్తున్నట్టు ఎవరికీ తెలిసేది కాదు.

మాస్టర్‌దీ అనుమానమే గానీ, అది వేరే రకం. ఆయన మా కటింగ్ మాస్టర్. కొత్త గుడ్డ వస్తే ఆ రోజు కత్తెర ముట్టేవారు కాదు. జానెడు ముక్క కోసి బకెట్లో నానేసేవారు, కిటికీ ఊచలకు ఆరేసేవారు, మళ్ళీ కొలిచేవారు. ఒక పోగు లాగి లైటర్‌తో కాల్చి వాసన చూసేవారు. "లేబుల్ మీద ఏమన్నా రాసుకుంటారు మా. కాలిస్తే అది యాడ దాస్తాది?" అనేవారు. కాటన్ అని వచ్చిన గుడ్డ ఎన్నిసార్లు ఆయన వేళ్ళ మధ్య ప్లాస్టిక్ పూసలా ముడుచుకుందో చెప్పలేను.

మా టేపులను కూడా నమ్మేవారు కాదు.

"నీ టేపు ఇట్లియ్యి మా."

"కొత్తదేనండి మాస్టర్."

"కొత్తదైతే నిజం చెప్తాదా?"

తన టేపు పక్కన పెట్టి చూస్తే నాది సాగి ఉండేది. చాయ్ తెచ్చినా అంతే. గ్లాసు వెలుతురుకు పట్టి, "దీంట్లో పాలు పోసినాడా, పాలు చూపించినాడా?" అనేవారు. అని తాగేసేవారు.

రెండేళ్ళ కింద యూరప్ నుంచి ఇద్దరు వచ్చారు. ఒక ఆవిడ, ఒకాయన. ఆవిడ దేశంలో చిన్న చిన్న నేత మిల్లులు చాలా కలిసి ఒక సంఘంగా ఉన్నాయట. ఆయన దేశంలో గుడ్డ మీద మందు పూత వేసే కంపెనీలు అలాగే ఇంకో సంఘం. క్లస్టర్ అంటారని మేనేజర్ చెప్పాడు. రెండు క్లస్టర్లూ చేతులు కలిపి, ఎండలో పనిచేసేవాళ్ళ ఒళ్ళు కాగకుండా ఉండే గుడ్డ తయారు చేశాయి. నేత వాళ్ళది గాలి ఆడుతుంది. పూత వాళ్ళది ఎండను వెనక్కి కొడుతుంది. ఎండ అంటే ఇక్కడే కాబట్టి ఇక్కడ వేయించి చూద్దామని వచ్చారు. చొక్కాలు మేం కుట్టాలి, ఖురియాత్ అనే ఊరి దారిలో రోడ్డు పని చేసేవాళ్ళు మూడు నెలలు తొడుక్కోవాలి. షరతు ఒకటే. గుడ్డ ముక్క ఒక్కటి కూడా వర్క్‌షాప్ దాటి పోకూడదు. కత్తిరించగా మిగిలిన పేలికలు కూడా సంచిలో వేసి తిరిగి ఇవ్వాలి. ఎవరైనా తీసుకెళ్తే వీసా క్యాన్సిల్ అని మేనేజర్ అందరి చేతా సంతకం పెట్టించాడు.

ఆవిడ గుడ్డను మా చేతికిచ్చి నవ్వింది. చల్లగా, వెన్నలా ఉంది. నాకు ఆ నవ్వు నచ్చలేదు. ఊరికే ఎవరూ ఏమీ ఇవ్వరు. మాస్టర్ మాత్రం గుడ్డను తిరగేసి మరగేసి చూసి నాతో అన్నారు.

"రెండూర్లోల్లు కల్సి చేసినారు గదా మా. మద్దెలో ఏదో ఒగటి వీళ్ళు వాళ్ళు చూసుకున్యారు అనుకోనుంటారు, వాళ్ళు వీళ్ళు చూసుకున్యారు అనుకోనుంటారు. అది యాడుందో చూడాల."

"మనకెందుకండి మాస్టర్? కుట్టమన్నారు, కుడదాం."

"రోడ్డు సైట్ సూపర్వైజర్ ఏమన్న్యాడో ఇన్న్యావా? ఈ చొక్కా ఉంటే మనోళ్ళు ఇంకొంచేపు ఎండలో నిలబడతారంట. గుడ్డ మంచిదని పేరొస్తే మొదట పొయ్యేది మనోళ్ళు కూచ్చునే నీడే."

ఆ మాట నాకు అప్పుడు పట్టలేదు. చొక్కాలు కుట్టాం, అవి ఖురియాత్ వైపు వెళ్ళాయి. చాలా బాగున్నాయని కాగితాలు వచ్చాయి. ఆ వారమే నేను చూశాను. మాస్టర్ పేలికల సంచిలోంచి రెండు ముక్కలు తీసి టిఫిన్ సంచిలో పెట్టుకున్నారు. మర్నాడు మళ్ళీ. ఆ తరవాత ఒక రోజు, కుట్టు వంకర పోయిందని పక్కన పెట్టిన చొక్కా ఏకంగా కనపడకుండా పోయింది.

నాకు వెంటనే అర్థమైందనుకున్నాను. రూవీ బజారులో గుడ్డల వ్యాపారులు ఎంతమంది లేరు? ఇలాంటి గుడ్డ ముక్క ఎవరికైనా కావాలి. కుట్టడానికి వచ్చిన గుడ్డ అని కాదు, తాను అమ్ముకోబోయే గుడ్డ అని ఆయన దాన్ని అన్నిసార్లు తిరగేసి చూశారేమో అనిపించింది. ఇరవై ఆరేళ్ళ నుంచి ఇక్కడ ఉన్న మనిషి కదా అని నాలో ఒక మనసు అంది. ఎక్కువ కాలం ఉన్నవాళ్ళకే దారులు తెలుస్తాయని ఇంకో మనసు అంది. ప్రార్థన చేశాను. నా మనసుకు ఏ అడ్డూ తగల్లేదు కాబట్టి దేవుడు ఒప్పుకున్నాడనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, నేను దేవుణ్ణి అడగలేదు, ముందే తేల్చుకుని వెళ్ళి ఆయనకు చెప్పాను, అంతే.

మేనేజర్ గది తలుపు దగ్గర నిలబడి, "సార్, మాస్టర్ సంచి ఒకసారి చూడండి" అని మెల్లగా అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. చాలింది.

ఆ యూరప్ వాళ్ళిద్దరూ రెండోసారి వచ్చిన రోజు, వాళ్ళ ముందే మేనేజర్ పిలిచాడు. "మాస్టర్‌జీ, థైలా ఖోలో." మాస్టర్ సంచి తెరిచారు. అందులో ఖాళీ టిఫిన్, షుగర్ మాత్రలు ఉన్నాయి. తప్పించుకున్నారనా, నేను తప్పు చేశాననా, ఏమనుకున్నానో గుర్తులేదు.

"గుడ్డ యాడుంది అంటాండారా? పైన ఉండాది. రాండి," అన్నారు మాస్టర్. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కారు. ఆయన రూమ్ ఆ బిల్డింగ్‌లోనే. రూమ్ దాటి డాబా మీదకు తీసుకెళ్ళారు.

డాబా మీద ఒక తాడు. తాడుకు వరుసగా ఆ గుడ్డ ముక్కలు. పక్కన బకెట్, బట్టల సబ్బు పొడి, ప్లాస్టిక్ బ్రష్. చివర ఆ చొక్కా. దాన్ని ఆయన మధ్యాహ్నం తొడుక్కుని డాబా మీద కూర్చుని చెమట పట్టించుకునేవారట. తరవాత బ్రష్‌తో కాలర్ తోమి, పిండి, కాలిపోతున్న పిట్టగోడ మీద ఆరేసేవారట. మనవాళ్ళు రూముల్లో బట్టలు ఉతికేది అలాగే కదా. మొదటి ముక్క వెన్నలాగే ఉంది. చివరి దాని మీద పూత పాత గోడ సున్నంలా పెచ్చులు లేచింది. చొక్కా కాలరు అట్టలా బిగుసుకుపోయింది.

"అడుగు సార్," అన్నారు మాస్టర్ మేనేజర్‌తో. "ఇద్దర్లో ఎవురు ఉతికినారో అడుగు. చేత్తో."

మేనేజర్ ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడ ఆయన వైపు చూసింది, ఆయన ఆవిడ వైపు చూశాడు. తరవాత మేనేజర్ మాకు చెప్పాడు. ఇద్దరూ మెషిన్లో ఉతికారు. బ్రష్ సంగతి పూత వాళ్ళు చూసుకుంటారని నేత వాళ్ళు, నేత వాళ్ళు చూసుకుంటారని పూత వాళ్ళు వదిలేశారట. ఆవిడ ఆ చివరి ముక్కను వేలితో గీకింది. ఈసారి నవ్వలేదు. ఆ ముక్కలన్నీ కవర్లలో వేసుకుని, ఒక్కో కవరు మీద ఎన్నో ఉతుకో మాస్టర్‌నే అడిగి రాసుకుంది. ఖురియాత్‌లో చొక్కాలు ఆ వారమే వెనక్కి తెప్పించారు. ఇకమీదట రెండు సంఘాలూ ఒకే చోట కలిసి చేత్తో ఉతికి చూడాలని రాసుకున్నాయని విన్నాను. రాసుకున్నది చేస్తారో లేదో అని కూడా అనుకున్నాను.

మెట్లు దిగుతూ మాస్టర్ నవ్వారు. "ఈసారి ఎవురో నన్ను గూడ బకెట్లో నానేసినారు." ఎవరి వైపూ చూడలేదు. నేను వెనక నడుస్తున్నాను.

షరతు తప్పింది తప్పిందేనని కంపెనీ వాళ్ళు కాగితం రాయించుకున్నారు. ఆయన వీసాకు రెన్యూవల్ ఆ ఏడాదే రావాలి. రాలేదు. వయసు అన్నారు. వయసు అంతకు ముందు ఏడాది కూడా ఉంది. వెళ్ళే ముందు రోజు ఎయిర్‌పోర్ట్ వ్యాన్ టైం నాలుగుసార్లు అడిగి, "డ్రైవర్ అరగంట ముందే చెప్పింటాడు, నమ్మగూడదు" అంటున్నారు. నేను "మాస్టర్, ఒక మాట అండి" అన్నాను. "చెప్పు మా," అన్నారు. "జాగ్రత్తగా వెళ్ళండి," అన్నాను.

ఆయన వెళ్ళాక మేనేజర్ నన్ను కుట్టు మెషిన్ మీది నుంచి లేపి గుడ్డ చెకింగ్‌కు పెట్టాడు. అది నా నోటికి బహుమానం అనుకుని రోజూ సిగ్గుపడేదాన్ని. కిందటి చలికాలంలో ఆ రెండు సంఘాల కొత్త గుడ్డ వచ్చింది. ఈసారి పూత వీపు మీద, భుజాల మీద మాత్రమే, కాలర్ మామూలుది. చేత్తో ఉతికి చూశామని కాగితం కూడా జతచేశారు. కాగితం పక్కన పెట్టి జానెడు ముక్క కోసి బకెట్లో వేశాను.

మొన్న వదినకు నేనే ఫోన్ చేశాను. మాస్టర్‌కు చెప్పలేనిది ఆమెకైనా చెప్పాలని. సగం చెప్పేసరికి ఆమె ఆపింది.

"తెల్సు మా. ఆయన వచ్చిన రోజే చెప్పినాడు. ఆ చెల్లెలే నన్ను పట్టించింది, అట్లా కన్ను ఇంగెవురికీ లేదు, చెకింగ్‌కు ఆమెనే పెట్టమని మేనేజర్‌కు చెప్పొచ్చినా అని ఒగటే నవ్వు."

"నిజంగా అన్నారా వదినా?"

"అబద్ధం చెప్పేదానికి నాకేం వస్తాది?"

నేను నమ్మాలనే ఉంది. ఏడుస్తున్న మనిషి ఇంకో ఏడుస్తున్న మనిషిని ఊరుకోబెట్టడానికి ఏమైనా అంటుందని కూడా నాకు తెలుసు. మేనేజర్‌ను అడిగితే తేలిపోతుంది. రోజూ ఆయన గది ముందు నుంచే వెళ్తున్నాను. ఇంతవరకు అడగలేదు.

చదివిన మీరు ఈ కాగితాలు పారేయకండి. ఎక్కడైనా పదిలంగా ఉంచండి. ఎవరికీ చూపించకండి, ముఖ్యంగా మా వర్క్‌షాప్ వాళ్ళకు.

ఫోన్ పెట్టే ముందు వదిన ఒకటి అడిగింది. మాస్టర్ పోయే ముందు రోజు విప్పిన చొక్కా వంకీకే ఉందట. కోడలు ఉతికేస్తానంటోందట. "నువ్వు గుడ్డలదానివి గదా, చెప్పు మా. ఉతకాల్నా, అట్లే పెట్టాల్నా?"

ఆమె లైన్‌లోనే ఉంది. అవతల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ గాలికి కడపలో, గోడ వంకీకి, కాలర్ లోపల చెమట గీతతో ఒక తెల్ల చొక్కా కొంచెం కొంచెం కదులుతూ ఉండి ఉంటుంది.