పెండ్లి బేరాన్ని మింగిన జపాన్ పట్టు

ఒక ముసలమ్మ ముందు, కన్నతండ్రి ముందు, సగం ఎల్లారెడ్డి బజారు ముందు నేను ముప్ఫై ఒక్క చీరలు ఒకదాని తర్వాత ఒకటి ఒంటికి చుట్టుకుని నిలబడిన రోజు ఒకటుంది. నాటకం కోసం కాదు, పందెం కోసం కాదు, మతి చెడి అసలే కాదు. ఒక జపాన్ సినిమా వల్ల. ఆ రోజు నా పరువు ఎంత దూరం పోయిందంటే, దాన్ని వెతకడానికి భిక్నూర్ దాకా బస్సు ఎక్కాల్సి వచ్చేది.

మాది కామారెడ్డిలో బట్టల దుకాణం. మా ఇంట్లో పిల్లలు మాటలకంటే ముందు బేరం నేర్చుకుంటారు. ఆ విద్యలో నేను మరీ ముదిరిపోయాను. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర గంటసేపు బేరమాడి, ఒక పన్ను పీకే ధరకే రెండు పీకించుకుని వచ్చాను. రెండోది నిక్షేపంలాంటి పన్ను. అయినా గెలిచానన్న ఆనందంతో నెలరోజులు సంతోషంగా జావ తాగాను. నా తెలివి ఎలాంటిదో మీకు ముందే తెలిస్తే మంచిదని చెబుతున్నాను.

2012లో మా బాపు ఎల్లారెడ్డిలో చిన్న బ్రాంచి తెరిచి నన్ను కూర్చోబెట్టాడు. మూడు నెలలు గడిచినా అటు పోయేవాళ్లు ఇటు చూసేవాళ్లే గాని లోపలికి వచ్చేవాళ్లు తక్కువ. ఎండాకాలం పెండ్లిళ్ల ముందు బాపు తేల్చేశాడు.

"లింగంపేట రాజవ్వ మనుమరాలి పెండ్లి ఉన్నది. ఆమె ఏ దుకాణంల కూసుంటే ఊరంత ఆ దుకాణంలనే కూసుంటది. ఆ పెండ్లి బట్టలు నీ కాడ తీసుకున్నరా, దుకాణం నీది. తీసుకోలేదా, షటర్ దించి కామారెడ్డికి రా. మీ అన్న చెయ్యి కింద బట్టలు మడతవెట్టు."

మా అన్న చెయ్యి కింద మడతలు పెట్టడమంటే ఏమిటో మీకు తెలియదు. వాడు మడత చూసి పెదవి విరుస్తాడు. ఆ విరుపు కోసం వాడు అన్నం తినడం మానేసైనా వస్తాడు.

కాబట్టి నేను గట్టిగా ఆలోచించాను. పెండ్లి బట్టల పార్టీ అంటే ఆడవాళ్లు డజనుమంది, పిల్లలు రెండు డజన్లు. తెల్ల పరుపు మీద నాలుగైదు గంటలు కూర్చుంటారు. గంటలోపే పిల్లలు ఏడుపు అందుకుంటారు. తల్లి పిల్లను ఎత్తుకుని బయటికి పోతుంది, ఎదురు దుకాణం వాడు చాక్లెట్ చూపిస్తాడు, ఇక అంతే సంగతులు. పిల్లలు కదలకుండా ఉండాలంటే టీవీ పెట్టాలి, సినిమాలు ఆడించాలి. ఇంత గొప్ప ఆలోచన వచ్చినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

అప్పుడే కామారెడ్డి స్టేషన్ రోడ్డులో యూసుఫ్ భాయ్ తన డీవీడీల దుకాణం మూసేస్తున్నాడు. జనం సినిమాలన్నీ ఫోన్లలో నింపించుకుంటుంటే అద్దె డీవీడీలు ఎవరికి కావాలి? నేను వెళ్లి భక్తి పాటలు, కామెడీలు, పిల్లల బొమ్మల సినిమాలు ఒక సంచికి ఎత్తి, యూసుఫ్ భాయ్ కండ్లలో నీళ్లు తిరిగేదాకా బేరమాడాను. బేరం కుదిరాక మామూలుగా అడగాల్సింది అడిగాను.

"భాయ్, మరి కొసరు?"

"ఇంకా కొసరా సేఠ్? నా చొక్క గూడ తీస్కపోరాదు!"

చొక్కా పాతది, వదిలేశాను. బల్ల కింద ఒక పెట్టె కనిపించింది. తళతళలాడే అట్ట. దాని మీద అయిదుగురు అమ్మాయిలు వరసగా నిలబడి నవ్వుతున్నారు. ఒంటి నిండా పట్టు. ఎరుపు, పసుపు, నెమలికంఠం రంగు, బుట్టంత పువ్వులు. అక్షరాలు మాత్రం చీమలు నిద్రలో నడిచినట్టున్నాయి.

"ఇది ఇయ్యి," అన్నాను.

యూసుఫ్ భాయ్ మొహం మారింది. "అది వద్దు సేఠ్. జపాన్ సినిమా. దుబాయి నుంచి వచ్చినాయన ఇడిచిపెట్టి పోయిండు. దాన్ని అద్దెకు తీస్కపోయినోళ్లు ముగ్గురు. మళ్ల ఒక్కడు గూడ నా దుకాణం దిక్కు రాలే."

మామూలు మనిషైతే ఇక్కడ ఆగిపోతాడు. కాని నేను దుకాణదారుల ఇంట్లో పుట్టాను. 'అది మీకు వద్దులెండి' అని మేము ఏ చీర గురించి అంటాం? అమ్మాలనుకున్న చీర గురించే. 'వద్దు' అని దాచేది దేన్ని? విలువైనదాన్నే. నాకే పాఠం చెబుతున్నాడా ఈయన!

"అదే గావాలె," అన్నాను.

"సేఠ్, అల్లా కసం, నీ మంచికే చెప్తున్న."

ఆహా, ఒట్టు కూడా పెట్టాడు! ఇక అనుమానమే లేదు. లాక్కుని సంచిలో వేసుకున్నాను. యూసుఫ్ భాయ్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పెద్దాసుపత్రికి పోయేవాళ్లను అలా చూస్తారు.

రాజవ్వ పార్టీ పొద్దున పదింటికి రెండు ఆటోల్లో దిగింది. రాజవ్వ పొట్టి మనిషి. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు ఎంత చురుకంటే, చీర అంచు ఒక్కసారి నలిపి దారం ఎక్కడ నేశారో చెప్పేది. పక్కన పెండ్లిపిల్ల సుమలత, వాళ్లమ్మ, మేనత్తలు, ఇంటి చుట్టుపక్కలవాళ్లు. బాపు కూడా పన్నెండింటి బస్సుకు వస్తానని ఫోన్ చేశాడు.

గంటన్నర బ్రహ్మాండంగా సాగింది. పక్కన పెట్టిన చీరల కుప్ప నా మోకాలి ఎత్తు దాటింది. అంతలో టీవీలో భక్తి పాట ఒకే మాట దగ్గర ఇరుక్కుని, దేవుడికి నత్తి వచ్చినట్టు పలకసాగింది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఒక మేనత్త పిల్లను ఎత్తుకుని గడప దాకా పోయింది. ఎదురు దుకాణం వాడు చాక్లెట్ తీశాడు.

నేను సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి ఆ తళతళలాడే పెట్టె తగిలింది. పట్టు! ఆడవాళ్లు! ఇంతకంటే ఏం కావాలి? పట్టు చూస్తూ పట్టు కొంటారు. సినిమా పెట్టి, చేతులు రుద్దుకుని, నా జీవితంలోకెల్లా తెలివైన మాట అనుకుంటూ ఒక మాట అన్నాను.

"అవ్వా, జర అటు జూడు. జపాన్ పట్టు. అచ్చం గసొంటియే మన దుకాణంల గూడ ఉన్నయ్!"

మొదటి పది నిమిషాలు ఏ వంకా లేదు. అయిదుగురు అక్కచెల్లెళ్లు కొండ మీద నుంచి పాడుకుంటూ దిగారు. ఆకాశం మాత్రం సున్నం వేసిన గోడలా ఉంది. ఒక టీ కెటిల్ తుమ్మింది. చందమామకు పళ్లున్నాయి. పిల్లలు ఏడుపు ఆపేశారు. నేను ఎదురు దుకాణం వైపు చూసి మీసం తిప్పాను.

పెద్దక్క ఒక చెక్క బీరువా తెరిచింది. లోపల పట్టు తానులు పేర్చి ఉన్నాయి. అవి ఊపిరి పీలుస్తున్నాయి. ఎర్ర తాను ఒకటి నాలుక చాపినట్టు నెమ్మదిగా బయటికి వచ్చింది. ఆ పిల్ల నడుము చుట్టూ తిరిగింది, మెడ చుట్టూ తిరిగింది, లోపలికి లాక్కుంది. తలుపు మూసుకుంది. బీరువా తేన్చింది. తర్వాత చూస్తే, ఆ ఎర్ర పట్టు అంచు మీద పువ్వుల మధ్య పెద్దక్క మొహం అచ్చుపడి ఉంది. కనురెప్పలు కొట్టుకుంటున్నాయి.

సుమలత ఒళ్లో ఉన్న ఎర్ర పట్టుచీరను రెండు వేళ్లతో ఎత్తి, బల్లిని పడేసినట్టు పక్కన పడేసింది.

"శీనూ," అంది రాజవ్వ. "ఆ పిల్ల ఏడ వోయింది?"

"బీరువలకు వోయిందవ్వా."

"మళ్ల బయటికొస్తదా?"

"రాకేం జేస్తదవ్వా? వస్తది."

"నువ్వు జూసినవా సినిమ?"

"జూడకుండ ఎట్ల వెడ్తనవ్వా!"

చూడండి, అబద్ధం కూడా నేను టోకున చెబుతాను. రిమోట్ అందుకుని ఆపబోయాను. రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకు! నడుమల ఆపితే ఆ పిల్ల బీరువలనే ఉండిపోతది. పెండ్లి బట్టలు తీసుకునేటప్పుడు ఒక ఆడివిల్లను మింగిచ్చి, గట్లనే ఇడిచిపెడ్తవా? బయటికొచ్చేదాంక నడువనియ్యి."

శకునం లెక్క అది. పిల్ల బయటికి వస్తే శుభం. మింగిన దగ్గరే ఆగితే ఆ బట్టలు ముట్టరాదు, ముట్టినవి కొనరాదు. అందరూ చీరలు వదిలేసి టీవీకి ఎదురుగా తిరిగి కూర్చున్నారు. నేను మనసులో ఆ దర్శకుడి కాళ్లు పట్టుకున్నాను. అయ్యా, ఎవరివో తెలియదు, ఎట్లున్నవో తెలియదు, ఒక్క పిల్లను బయటికి పంపు.

ఆయన రెండో పిల్లను లోపలికి పంపాడు.

"ఇది దాన్ని వెతుక వోయింది," అన్నాను.

"ఊఁ," అంది రాజవ్వ.

మూడో పిల్ల కత్తెర పట్టుకుని పోయింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. "అగో, ఇది పట్టును కత్తిరించి అందర్ని బయటికి తీస్తది!" అని చప్పట్లు కొట్టాను. కత్తెర మాత్రం పిల్ల చేతిలోంచి దిగి, పట్టుకు దండం పెట్టి, పిల్లనే కత్తిరించిన జాకెట్ గుడ్డలా మడిచి అందించింది. నాలుగో పిల్ల దానంతట అదే నడుచుకుంటూ వెళ్లింది. అది ఎందుకు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"శీనూ, ఇంకెందరున్నరు?" అంది పెండ్లిపిల్ల తల్లి.

"ఒక్కతె ఉన్నదక్కా."

"అదన్న వస్తదా?"

అయిదోది పోయేటప్పుడు చెయ్యి కూడా ఊపింది.

ఆఖరి దృశ్యం. తెర మీద ఒక బట్టల దుకాణం. తెల్ల పరుపు. దాని మీద ఒక పెద్దమనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అయిదు మొహాలున్న ఆ పట్టును ప్రేమగా మడతపెట్టి అలమారాలో పెట్టాడు. మన వైపు తిరిగాడు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

సరిగ్గా ఆ నిమిషాన గడపలో మా బాపు నిలబడ్డాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కామారెడ్డి నుంచి తెచ్చిన ఎర్ర పట్టు తాను చేతిలో పట్టుకుని, పెద్ద పార్టీని చూసిన సంబరంలో పళ్లన్నీ బయటపెట్టి అన్నాడు:

"రాండ్రి రాండ్రి తల్లీ, అందరు లోపటికి జరుగుండ్రి!"

సుమలత పెట్టిన కేక లింగంపేట దాకా వినిపించి ఉండాలి. మేనత్తలు గోడకు అతుక్కున్నారు. పిల్లలు పరుపు కింద దూరారు. బాపు వెనక్కి తిరిగి, తన వెనకాల ఎవరున్నారా అని చూసుకున్నాడు.

అందరూ లేచారు. మోకాలెత్తు కుప్ప అక్కడే ఉంది. ఒక్క చీర ఎవరూ ముట్టడం లేదు. మా అన్న పెదవి విరుపు నా కళ్ల ముందు కదలాడింది.

రాజవ్వ మాత్రం కూర్చునే ఉంది. "అందరు కూసోండ్రి," అంది. తర్వాత బాపు వైపు తిరిగింది. "సేఠూ, మీ బట్టలకు భయం తాకింది. భయం తాకిన బట్టకు ధర గంత ఎవలు వెడ్తరు?"

"అవ్వా, అది సినిమ. అంత అబద్ధం!" అన్నాను నేను.

"ఏది అబద్ధం బిడ్డా? అచ్చం గసొంటియే మా దుకాణంల ఉన్నయని నువ్వే అంటివి గద."

బాపు నా వైపు తిరిగాడు. "అన్నవా?"

"అన్న... బాపూ."

రాజవ్వ చీర అంచు నలుపుతూ, తొందర లేకుండా, ధరను సగానికి దించింది. బాపు 'అమ్మా' అన్నప్పుడల్లా ఆమె 'భయం' అంది. ఆమెకు రవ్వంత భయం లేదని నాకు తెలుసు. ఆ సంగతి నాకు తెలుసని ఆమెకు తెలుసు. అయినా ఏం చేస్తాను?

"ఇంకో మాట," అంది ఆఖరున. "మా పిల్ల కట్టుకోకముందు ప్రతి చీర నువ్వు సుట్టుకోని నిలవడు. మింగుతదో మింగదో జూస్తం."

అలా ముప్ఫై ఒక్క చీరలు. చుట్టుకుని నిలబడాలి, రాజవ్వ వంద లెక్కపెట్టాలి, నేను బతికి ఉంటే చీర పక్కన పెట్టాలి. నెమలికంఠం రంగు చీరలో ఉన్నప్పుడు బజారు జనం గడప దగ్గర గుమిగూడారు. ఎదురు దుకాణం వాడు తన గిరాకీని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. "అవ్వా, కొంగు సరిగ్గ లేదు, మళ్ల సుట్టుకొమ్మను," అని ఎవరో సలహా ఇచ్చారు. రాజవ్వ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. బాపును చూసి కేక పెట్టినప్పటి నుంచి గోడవైపు తిరిగి కూర్చున్న సుమలత పన్నెండో చీర దగ్గర నవ్వడం మొదలుపెట్టింది. ముప్ఫై ఒకటో చీర దాకా ఆపలేదు.

ఆటోలు వెళ్లిపోయాక బాపు కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు.

"మాటంటే మాట. బట్టలు తీసుకున్నరు, దుకాణం నీది," అన్నాడు. "లాభం మాత్రం ఆ బీరువ మింగింది."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత లింగంపేట నుంచే ఇంకో పెండ్లి పార్టీ దిగింది. పెద్దావిడ పరుపు మీద సర్దుకుని కూర్చుంది. నేను భయపడుతూనే అడిగాను.

"అవ్వా, టీవీ పెట్టాల్నా?"

"టీవీ ఎందుకు బిడ్డా, టైం దండుగ," అందావిడ. "మేము ఇంటికాడనే భయపడి వచ్చినం. నువ్వు సగం ధర చెప్పి, లేచి చీర సుట్టుకో."

ఆ క్షణాన, మీటరు కట్టె మీద చెయ్యి వేసి, నిలువెత్తు తానుల సాక్షిగా, నేను ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో నా దుకాణంలో నేను చూడని సినిమా ఆడించను, ఆడించినా దాని గురించి నోరు తెరవను. ఇప్పటికీ ఆ మాట తప్పలేదు. మా టీవీలో ఇప్పుడు వార్తలు మాత్రమే వస్తాయి. వాటికి ఎవరు ఎంత భయపడినా ధర తగ్గించేది లేదు.