రెండిళ్ల కుక్క

మా కుక్క పోయి నలభై ఏళ్లు దాటింది. దాని ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆ రోజుల్లో ఫొటో కావాలంటే బాన్సువాడ బజారులో స్టూడియోకి పోయి, తల దువ్వుకుని, కుర్చీలో బిగుసుకుని కూర్చోవాలి. కుక్కను ఎవరు తీసుకుపోతారు? అందుకే దాని రంగు గురించి అమ్మ ఉన్నన్నాళ్లూ మా ఇద్దరికీ పేచీ. బెల్లం రంగని నేను, కాదు మట్టి రంగని ఆమె. చెవుల చివర్లు మాత్రం నలుపు. అందులో తేడా లేదు.

మా ఊరు బాన్సువాడకు దగ్గరే. బాపు కొంత వరి, కొంత చెరుకు వేసేవాడు. చెరుకు కొట్టే కాలంలో కాలువ అవతలి లంబాడీ తండా నుంచి కూలికి వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకామెను ఊరంతా అక్కా అని పిలిచేది. మా అమ్మ కంటే పెద్దదే అయినా నేనూ అలాగే పిలిచేదాన్ని. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ఆమె కొంగులో ఏదో చుట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"అమ్మా, ఇన్ని పాలు పొయ్యి. చెరుకాకుల్ల దొరికింది. దీని తల్లి ఏడ వోయిందో ఏమో," అంది.

ఇంకా కళ్లు సరిగా తెరవని కుక్కపిల్ల. అమ్మ దూది ముంచి పాలు పట్టింది. మరునాడు అక్క వాళ్లు వేరే ఊళ్లో చెరుకు కొట్టడానికి పోవాలి. "నాలుగు దినాలు ఉంచుకోండ్రి. ఒచ్చి తోల్కపోత," అని చెప్పి వెళ్లింది.

ఆమె తిరిగి వచ్చేసరికి రెండు నెలలైంది. అన్న మాట ప్రకారం పిల్లను తండాకు తీసుకుపోయింది. నేను ఆ పూట అన్నం ముట్టలేదు. మూడోనాటి పొద్దున చూస్తే అది మా గడప ముందు పడుకుని ఉంది, ఒళ్లంతా కాలువ నీళ్లతో తడిసి. అక్క వచ్చి మళ్లీ తీసుకుపోయింది. మళ్లీ వచ్చేసింది. మూడోసారి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"ఇగ నాతోని గాదు తల్లీ. మీ ఇంట్లనే ఉండనియ్యి. నాతాన్కి రావాలనిపిస్తే అదే వస్తది."

నిజంగానే వెళ్లేది. అక్క మా చేన్లో పనికి వచ్చిన రోజు దానికి మేం కనబడేవాళ్లం కాదు. పొద్దున్నే ఆమె వెంట వెళ్లి గట్టు మీద కూర్చునేది. మధ్యాహ్నం ఆమె జొన్న రొట్టెలో సగం దానిది. ఆమె తన భాషలో ఏదో చెబుతుంటే చెవులు నిక్కబొడుచుకుని వినేది. మేం చెప్పే తెలుగూ దానికి అర్థమయ్యేది, ఆ భాషా అర్థమయ్యేది. నాకు ఒక్కటే వచ్చు. అది నాకు కడుపుమంటగా ఉండేది.

ఒకసారి సెలవు రోజున, అక్క పనికి వస్తుందని తెలిసి, దాన్ని కొట్టంలో గుంజకు కట్టేశాను. పొద్దంతా ఏడ్చింది. నేను వినబడనట్టే ఇంట్లో కూర్చున్నాను. పొద్దు వాలాక అక్క తండాకు పోతూ ఆ ఏడుపు విని కొట్టంలోకి వచ్చింది. తాడును చూసింది, నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను.

"నీళ్లు పెట్టినవా బిడ్డా దీనికి?" అని మాత్రం అడిగింది.

పెట్టలేదు. ఆ సంగతే నాకు తోచలేదు. తాడు విప్పాను. అది నా మీద అలగనైనా అలగలేదు, ముందు నా చేతులు నాకింది. ఆ సిగ్గు ఇంకా నాలో ఉంది.

ఏళ్లు గడిచాయి. నేను చదువుకని నిజామాబాద్ వెళ్లి హాస్టల్లో ఉన్నాను. సెలవులకు వచ్చినప్పుడల్లా బస్సు దిగగానే అది ఎదురొచ్చేది. చివరి రెండేళ్లు ఎదురు రాలేదు, వాకిట్లోనే తోక ఊపేది. అక్క కూడా మోకాళ్ల నొప్పులతో పనికి రావడం మానేసింది.

ఆ రెండో ఏడాది నాట్ల కాలంలో నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. కుక్క తిండి మానేసింది. బాపు దాన్ని ఎత్తుకుని బండిలో గడ్డి మీద పడుకోబెట్టి పశువుల దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ వెళ్లాను. డాక్టరు దాని పళ్లు చూశాడు.

"ముసలిదైంది పటేలా. సూదేస్త గని, ఆశ పెట్టుకోకు."

ఇంటికి వచ్చే దారంతా బాపు ఎద్దులను అదిలించలేదు. వారం తర్వాత ఒక పొద్దున, నా చెయ్యి దాని పక్కటెముకల మీద ఉండగానే ఊపిరి ఆగిపోయింది. బాపు చెరుకు చేను గట్టున గుంత తవ్వాడు. అమ్మ పాత చీర కప్పింది.

మట్టి పూడ్చాక గుర్తొచ్చింది, అక్కకు ఎవరూ చెప్పలేదని.

నేను కాలువ దాటి తండాకు నడిచాను. ఆమె గుడిసె ముందు నులక మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి మొహం విప్పారింది. తర్వాత ఆమె చూపు నా వెనక్కి పోయింది, నేను వచ్చిన బాట పొడుగునా పోయింది, మళ్లీ నా మొహం మీదికి వచ్చింది.

"పది దినాలైంది అది రాక," అంది. "నాకప్పుడే అనిపించింది."

"ఇక్కడికి వచ్చేదా అక్కా?"

"రెండేండ్ల సంది వస్తుండె. నేను పనికి వస్తలేనని అదే వచ్చేది. పగటాల వచ్చి, ఇన్ని రొట్టె ముక్కలు తిని, జరసేపు పండుకొని పోయేది. మీకెరుక లేదా?"

మాకు తెలియదు. మధ్యాహ్నాలు చేన్లో తిరుగుతోందనుకునేవాళ్లం. నడవలేని కాళ్లతో ఆ కాలువ వంతెన దాటి, అంత దూరం వెళ్లి, మేం చూసేసరికి మళ్లీ వాకిట్లో ఉండేదన్నమాట.

అక్క లోపలికి వెళ్లి రొట్టె ముక్క కొంగున కట్టుకుని వచ్చింది. వద్దన్నా వినలేదు. నా భుజం పట్టుకుని, ఆగుతూ ఆగుతూ చేను దాకా నడిచింది. గట్టు మీద కూర్చుని, తడి మట్టి మీద చెయ్యి పెట్టి, తన భాషలో చాలాసేపు మాట్లాడింది. రొట్టె తుంచి అక్కడ పెట్టింది.

"ఏమన్నవక్కా?"

"తిన్నవా అని అడిగిన."

అప్పుడు ఏడ్చాను. అప్పటిదాకా ఏడుపు రాలేదు. ఆమె నా తల తన ఒళ్లోకి లాక్కుంది.

ఆ సెలవుల్లో రోజు విడిచి రోజు తండాకు వెళ్లాను. మాకు వేరే మాటలుండేవి కావు, దాని ముచ్చట్లే. ఆమె చెప్పేవి నాకు కొత్త, నేను చెప్పేవి ఆమెకు కొత్త. తర్వాత రుద్రూర్ దగ్గర నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఒకసారి సెలవులకు వస్తే అక్కను కొడుకు పెద్ద కొడప్‌గల్ వైపు తీసుకుపోయాడని చెప్పారు. మళ్లీ ఆమెను చూడలేదు. ఏ ఊరని సరిగా అడిగి వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు.

మా పిల్లలు ఈ కథ ఓపికగా వింటారు. కానీ వాళ్లు దాన్ని చూడలేదు. నేను పరీక్షలకు చదువుతుంటే అది వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకునేది. కాలు తిమ్మిరెక్కినా కదిపేదాన్ని కాదు. ఇప్పటికీ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ, ఎందుకో ఆ పాదాన్ని కదపకుండా అలాగే ఉంచుతాను.