బ్యాకప్ తీసుకోండి అని నేను రాయలేదు

మూడేళ్ల కిందటి వేసవి. జగ్గయ్యపేటలో నాది కంప్యూటర్లు బాగుచేసే షాపు. చుట్టుపక్కల రక్తపరీక్షల ల్యాబుల్లో అప్పటికింకా ఒక పాత డేటాబేస్ సాఫ్ట్‌వేరే నడిచేది. తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. మాన్యువల్‌లో లేని కమాండ్లు అందులో చాలా ఉండేవి. ఎవరికి ఏది తెలిస్తే అది మేమంతా ఒక ఆన్‌లైన్ పేజీలో రాసుకునేవాళ్లం. అదే మాకు దిక్కు.

తెరుచుకోని ఫైలును తెరిపించే రిపేర్ కమాండ్ ఒకటి నా కంటబడింది. అలవాటుకొద్దీ ముందు బ్యాకప్, అంటే ఫైలుకు నకలు, తీసుకుని వాడి చూశాను. పనిచేసింది. వెంటనే పేజీలో పెట్టేశాను. బ్యాకప్ సంగతి రాయడానికి బద్ధకించాను. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను.

నెల తిరక్కుండానే నందిగామ నుంచి రాజ్యలక్ష్మిగారు ఫోన్ చేశారు. ఒక చిన్న ల్యాబులో రిపోర్టులు ఎక్కించేది ఆవిడే.

"మీ కమాండ్ కొట్టానండి. ఫైలు తెరుచుకుంది గానీ, పోయినేడాది రిపోర్టులు ఒక్కటీ లేవు."

చదవలేని రికార్డులను ఆ కమాండ్ చెరిపేస్తుందని అప్పుడు తెలిసింది. "వస్తున్నానండి" అన్నాను. బయల్దేరేముందు పేజీ తెరిచి, 'ముందు తప్పక బ్యాకప్ తీసుకోండి' అని మొదట్నుంచీ ఉన్నట్టే నా రాతలో చేర్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా కాదది, దొంగతనం.

పైగా ల్యాబులో గొంతు పెంచాను. "బ్యాకప్ తీయమని రాశా కదండీ, చూసుకోవద్దూ?"

ఆవిడ సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. ఒక్కో అక్షరం సరిచూసుకుని కొట్టడానికని ముందే తీసుకున్న ఆ పేజీ ప్రింటు. నేను చేర్చిన వాక్యం అందులో లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడే బల్ల మీద ఒక పెద్దాయన కూర్చునున్నాడు. కిడ్నీ జబ్బు. ముదురుతోందో లేదో తేల్చడానికి డాక్టరు పాత రిపోర్టులు తెమ్మన్నాడట. ఆయన దగ్గరి కాగితాలు వానకు తడిసి పాడైపోయాయి.

"మళ్లీ పరీక్ష చేయిద్దాం బాబాయ్‌గారూ" అన్నాను.

"ఇప్పటి రక్తమైతే తీసుకుంటావబ్బాయ్. పోయినేడాది రక్తం నేనెక్కణ్ణుంచి తేను?"

సాయంత్రం దాకా తంటాలు పడ్డాను. ఒక్క రికార్డూ రాలేదు. "నన్ను నాలుగు తిట్టండి" అన్నాను రాజ్యలక్ష్మిగారితో.

"తిడితే మీకు తేలికవుద్దండి. జరిగింది ఆ పేజీలో రాయండి."

రాశాను. హెచ్చరిక ముందు లేదని, తర్వాత చేర్చానని, చేర్చి ఆవిణ్ణే తప్పుపట్టానని, నా పేరుతో రాశాను. పనిచేసే కమాండ్ ఎవరైనా రాస్తారు. దానివల్ల ఏం పోతుందో కూడా రాసినప్పుడే అది పక్కవాడికి పనికొస్తుంది.

పోల్చడానికి పాత రిపోర్టుల్లేక, మూడు నెలలు ఆగి చూద్దామన్నాడట డాక్టరు. ఆ మూడు నెలలూ ఆ పెద్దాయన ఎలా గడిపాడో అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.