వడ్ల బస్తాలతో సరిచేసిన పందెం కారు

కోదాడలో బ్రేకుల మరమ్మతుకు జవహర్ షెడ్డు పేరుగాంచినది. చిలుకూరు సమీపంలోని తండాకు చెందిన జవహర్ బ్రేకు సరిచేసిన ప్రతి బండిలోనూ వడ్ల బస్తాలు వేయించి పరీక్షించేవాడు. అక్కడికి వచ్చే బండ్లన్నీ వడ్లు మోసేవే గనుక ఆ పద్ధతిని ఎవరూ తప్పుపట్టలేదు.

1992లో మిర్యాలగూడ మిల్లు యజమాని అచ్చయ్య సరదా పందేలకు ఒక పాత కారును సిద్ధం చేయించుకుంటూ బ్రేకుల పని జవహర్‌కు అప్పగించాడు. కాలి ఒత్తిడికి ఇంజను బలాన్ని జోడించే బూస్టర్‌ను జవహర్ ఒక పెద్ద వ్యాను నుండి విప్పి తెచ్చి బిగించి, వెనుక నాలుగు బస్తాలు వేసి పరీక్షించాడు. పందెంలో ఖాళీ కారు మొదటి మలుపులోనే జారి మట్టికట్టను గుద్దుకున్నది.

మరునాడు అచ్చయ్య లారీ డ్రైవర్లందరి ఎదుట ఆ కారుతో షెడ్డులోకి వచ్చాడు.

"ఏందిరా, గిది బ్రేకా? కాలు ఆనియ్యంగనే చక్రాలు పట్టేసినయ్!"

"మిల్లుల బస్త తొక్కినట్టు తొక్కితే పట్టెయ్యక ఏం జేస్తయ్ సేటూ?"

డ్రైవర్లు నవ్వారు.

"నవ్వుర్రి. రేపు మీ లారీలు గూడ గిట్లనే పడ్తయ్."

నవ్వులు ఆగిపోయాయి. ఆ డ్రైవర్లు రాకపోతే షెడ్డు మూతపడవలసినదే. సీట్లు సైతం తీసివేసిన కారు వెనుక భాగాన్ని జవహర్ చాలాసేపు చూశాడు.

"తప్పు నాదే. నిండు బండికి చేసిన. నువ్వు ఖాళీది తోలినవ్."

"తండాల లారీలు తప్ప ఏం సూసినవ్‌లే!"

జవహర్ పెద్ద బూస్టర్ విప్పి చిన్నది బిగించి, లోపలి రాడ్డు పొడవు సరిచేశాడు. తరువాత రోడ్డుపై కారుకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఇగ నా మీదికి తోలు."

"సస్తే నా పేరు సెప్పకు!"

అచ్చయ్య వేగంగా వచ్చి గట్టిగా తొక్కాడు. చక్రాలు పట్టివేయలేదు, కారు తిన్నగా వచ్చి మూరెడు దూరంలో ఆగింది.

"నా బంపర్ ఎవడు బాగు చేస్తడు?"

"అది బ్రేకు పని గాదు. పో."

అచ్చయ్య ఉమ్మివేసి వెళ్లిపోయాడు. తప్పు ఒప్పుకున్న మేస్త్రీని నమ్మలేమంటూ ఇద్దరు డ్రైవర్లు లారీలు మళ్లించుకున్నారు. లింగన్న అనే డ్రైవర్ మాత్రం కదలలేదు.

"వాళ్లు పోయిన్రని పరేషాన్ గాకు."

"నాకేం పరేషాన్? ఊకనే నిలబడక పానా అందుకో!"