పడవ కంటికి పెట్టిన కుంకుమ

హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్ట పక్కన ఆంజప్పకు ఉన్నది కాస్త రాగి చేను, రెండు ఎనుములు. ఆ నీళ్లలో దిగి దిగి భార్య నంజమ్మ కాళ్లకు పుండ్లు పడ్డాయి. నీళ్లు చెడిపోయాయని ఊరంతా మొత్తుకున్నా ఆఫీసుల్లో వినే నాథుడు లేడు.

2006లో బెంగుళూరు కాలేజీవాళ్లు మూడు బుల్లి పడవలు తెచ్చారు. మనిషి ఎక్కే పనిలేదు, వాటంతట అవే తిరుగుతాయి. ఒకదాని మాట ఇంకొకటి వైర్‌లెస్‌లో అందుకుని గట్టు మీది కంప్యూటర్‌కు చేరవేస్తుంది. ఒక్కోదాని అడుగున ఒక గాజు కన్ను, నీళ్ల మురికి చూసేది అదే. వాటిని కడగడానికీ కాపలాకీ అనంతకుమార్ అనే పరిశోధక విద్యార్థి ఆంజప్పను పెట్టుకున్నాడు. ఆంజప్ప వాటిని ఎనుముల కంటే ముద్దుగా చూసుకున్నాడు, నంజమ్మకు ఒళ్లు మండేటంతగా.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు హోసూరు చుట్టుపక్కల లేతుమిషన్ నుంచి సైకిల్ దాకా బొట్టు లేని ఇనుము ఉండదు. మరి పడవలేం పాపం చేశాయి? పైగా కన్ను అన్నాక దిష్టి తగలకూడదు. నీళ్లకు కరగకుండా కుంకుమను ఆముదంలో రంగరించి మరీ మూడింటి గాజు కళ్ల మీదా దట్టంగా పట్టించాడు మన ఆంజప్ప.

మర్నాడు పడవలు మూడూ నీళ్లు కుళ్లిపోయాయని ఒకే గొంతుతో చెప్పాయి. తమ మాటకు రుజువు దొరికిందని ఊరికి పండగ మీద పండగ. సోమవారం వచ్చి చూస్తామని కృష్ణగిరి ఆఫీసర్లు కబురు పంపారు.

కడుగుదామని పడవను బోర్లించిన ఆంజప్పకు అసలు సంగతి తెలిసింది. కుంకుమ పెట్టినది పెట్టినట్టే ఉంది, కన్ను చూసిన మురికి అదే. ఇంటికి పోయి నంజమ్మకు చెప్పాడు.

"వాళ్లు వచ్చి చూసి పోనీ, ఆమీట తుడుద్దువు. నా కాళ్లు అబద్ధమా?" అంది ఆమె.

కాదు. ఆ పుండ్లకు రోజూ పసుపు రాసేది తనే. అయినా మనసొప్పక అనంతకుమార్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది కానీ తిట్టలేదు. ఇద్దరూ కూర్చుని సబ్బుతో పడవల కళ్లు కడిగారు.

ఆఫీసర్లు వచ్చిన రోజున, మన ఖర్మ కొద్దీ, నీళ్లు తేటగా ఉన్నాయి. అనంతకుమార్ జరిగింది దాచకుండా చెబితే, వాళ్లు కడుపుబ్బ నవ్వుకుని జీపెక్కారు. ఊరు ఆంజప్ప మీద దుమ్మెత్తి పోసింది. నంజమ్మ ముద్ద పెట్టింది గానీ మాట మానేసింది. పాపం, ఎవరిని తప్పుపడతాం?

కార్తీకం వానలకు ఎగువ నుంచి మురుగు నురగ దిగింది. పడవలు మళ్లీ మురికన్నాయి. మళ్లీ వచ్చిన ఆఫీసరు ఈసారి కంప్యూటర్ వైపు చూడనే లేదు. ఆంజప్పను పిలిచి, ఇందులో నీ చెయ్యి ఎంతుందని అడిగాడు.

"కండ్లు నేనే కడిగినాను సార్. ఈసారి మురికి నీళ్లదే."

అబద్ధమాడే మనిషైతే ఆ రోజే ఆడేవాడని ఆఫీసరుకూ తెలుసు. సీసాల్లో నీళ్లు పట్టించి, సీలు వేయించి పరీక్షకు తీసుకుపోయాడు.

జీపు పోయాక నంజమ్మ వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"పద, ఇంటికి పోదాం," అంది.