వంతెన దాటిన పట్టుచిలుక

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌ నుంచి బయలుదేరాం. కారు నడిపేది మా అమ్మాయి సరిత. నా ఒళ్లో చిల్లులు పెట్టిన అట్టపెట్టె, అందులో ఆ ఉదయమే పట్టుకాయలోంచి రెక్కలొచ్చి బయటపడిన ఆడ పట్టుపురుగు, మా మాటలో పట్టుచిలుక. ఉత్తరాన లార్చ్ అనే సూదాకుల చెట్టు కొమ్మకు ఉన్న ఆ పట్టుకాయను చలికాలంలో సరిత స్నేహితురాలు తెచ్చిచ్చింది. చెన్నూరు వైపు మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగులు పెంచిన చేతులు నావి, ఊరుకుంటాయా? బాల్కనీలో చలిలోనే ఉంచి కాపాడాను.

రెక్క మీది తెల్లగీత పక్కన ఎర్రపట్టీ ఉంటే సెక్రోపియా అనే రకం. దానికైతే ఇప్పుడు మేముండే చోటే జోడు దొరికేది. దీనికి పట్టీ లేదు. ఇది కొలంబియా, ఉత్తరాన లార్చ్ చెట్ల బురదనేలల్లో ఉండే రకం. తినడానికి నోరే లేదు, బతికేది వారం పది రోజులు. ఆలోగా మగది రాకపోతే గుడ్లన్నీ వృథా.

"ఒక్క పురుగు కోసం ఇంత దూరం డ్రైవ్ చేయాల్నా అమ్మా?" అంది సరిత.

"ఒంటిగనే సావాల్నా అది?" అన్నాను. ఆ మాట నాకే గుచ్చుకుంది. మా ఆయన పోయి రెండేళ్లు. సరిత కారు వేగం పెంచింది.

దారిలో కాఫీకి ఆగినచోట కుక్కతో వచ్చిన ముసలాయన పెట్టెలోకి తొంగిచూశాడు. "పెండ్లికి తీస్కపోతున్నమని చెప్పు" అన్నాను. సరిత చెప్పగానే టోపీ తీసి పెళ్లికూతురికి శుభాకాంక్షలు చెప్పాడు.

ఏడున్నరకు ఉత్తరానికి దారైన, సరస్సు నీళ్ల మీది పెద్ద వంతెన దాటాం. మోటెల్‌లో పులిహోర తిని పడుకున్నాం. అటు వెళ్లేవాళ్లు జూన్ అయినా స్వెటర్ మరవకండి.

తెల్లవారకముందే లార్చ్‌ల మధ్యకు చేరాం. మా పద్ధతి ప్రకారం ఆడదాని రెక్క మొదట్లో దారం కట్టి కొమ్మకు వదిలాను. వాసన పట్టి మగది వస్తుంది. మా ఇద్దరిలో కట్టడం నా పని, జోడు కుదిరాక విప్పడం ఆయన పని.

పొద్దు పొడిచింది. ఏదీ రాలేదు.

"పోదామా?"

"జెర ఆగు బిడ్డా."

అంతలో చెట్ల సందులోంచి కొట్టుకుంటూ ఒకటి వచ్చి వాలింది. ముందుగా దాని రెక్క చూశాను. ఎర్రపట్టీ లేదు. జోడు కట్టాయి.

"ఇగ దారం ఇప్పుండ్రి" అన్నాను సంతోషంగా, పక్కకు తిరిగి.

అక్కడ సరిత ఉంది. ఎవరితో అన్నానో దానికి తెలిసింది. నా భుజం పట్టుకుంది. దారం నేనే విప్పాను.

తిరుగు ప్రయాణంలో వంతెన మీద ఖాళీ పెట్టె నా ఒళ్లోనే ఉంది. జోడు కుదిరిన రోజున మద్దిచెట్ల నుంచి ఇల్లు చేరేదాకా ఆయన ఆ ముచ్చటే చెప్పేవారు. నేను ఊఁ కొట్టేదాన్ని.

"బాపు ఏం చెప్పేటోడమ్మా?" అంది సరిత.

ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చేదాకా నేను చెబుతూనే ఉన్నాను. సరిత ఊఁ కొడుతూనే ఉంది.